తుడవని జాగ

దసరా మరునాడు కూడా మూసి ఉంచి, ఆ తర్వాతి పొద్దున ల్యాబ్ తెరిచేసరికి ప్రింటర్ పలకలేదు.

కౌంటర్‌లో కూర్చునే ప్రణీత మొదటి రిపోర్టుకు ప్రింట్ కొట్టి, అలవాటు కొద్దీ కుర్చీలోంచి సగం లేచి, వెనక బల్ల మీదికి చెయ్యి చాపింది. చేతికి కాగితం తగల్లేదు. మళ్లీ కొట్టింది. తెర మూలన ‘ఆఫ్‌లైన్’ అని పడింది. శాంపిళ్ల గదిలో ఉన్న కంప్యూటర్ నుంచీ, ఈసీజీ గదిలోని దాని నుంచీ కొట్టి చూసినా అదే మాట. మూడింటికీ కలిపి ఉన్నది ఆ ఒక్క ప్రింటరే. దాని వెనక నుంచి నీలం వైరు ఒకటి కిందికి దిగి, గోడ అంచున పాకి, మూలన పైకెక్కి, కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ డబ్బాలో దూరుతుంది. ఎవరు ఏం పంపినా ఆ వైరు మీదే దానికి చేరాలి. యూఎస్‌బీ వైరు పెట్టే మూతి నిరుడు బల్ల మార్చినప్పుడే విరిగిపోయింది. దాన్ని బాగు చేయించాలని అందరూ అనుకున్నారు, అనుకుని ఊరుకున్నారు.

బెంచీలు అప్పటికే నిండిపోయాయి. పండుగని ఓపిక పట్టిన కోరుట్ల జ్వరాలన్నీ ఆ పొద్దున ఒకేసారి బయల్దేరినట్టున్నాయి. రక్తం ఇచ్చి, మోచేయి మడిచి, దూది అదిమి పట్టుకుని కూర్చున్నవాళ్లు ఆమె చేతివైపే చూస్తున్నారు. ల్యాబ్‌లో పూజ వాసన ఇంకా పోలేదు. తలుపుకు కట్టిన బంతిపూల దండ వడలి వేలాడుతోంది. రక్తం తిప్పే మిషన్ మొదలు ఫ్రిజ్ దాకా ప్రతి దాని మీదా పసుపు బొట్టు, దాని నడుమ కుంకుమ, ఎండి బీటలిచ్చి ఉన్నాయి.

సంజీవ్ చేతి తొడుగులు తియ్యకుండానే లోపలి నుంచి వచ్చాడు. ల్యాబ్ అతనిది. పరీక్షలు చేసేదీ అతనే, రిపోర్టు కింద సంతకం పెట్టేదీ అతనే. సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి కాబట్టి, మిషన్ ఆగిందంటే ఎవరో ఒకరు చెయ్యరానిది చేశారనే అతని లెక్క. ప్రింటర్‌ను చూశాడు. వైరును చూశాడు. తర్వాత కిందికి చూశాడు. బండలు తడిగా మెరుస్తున్నాయి. బల్ల కిందికి పోనిచ్చిన తుడుపు కర్రను భూమవ్వ అప్పుడే వెనక్కి లాక్కుంటోంది.

భూమవ్వ ఆ ల్యాబ్‌లో ఊడ్చి, తుడిచి, రక్తం మరకలు కడిగే ఆయమ్మ. యాభై దాటింది. మేడిపల్లి నుంచి రోజూ బస్సులో వస్తుంది.

“తడి బట్ట యాడిదాక పోనిచ్చినవ్ భూమవ్వా?” అన్నాడు సంజీవ్.

“కిందనే తుడిసిన సారు. పైన ముట్టలే.”

“వైరు కిందికెల్లే గద పోయేది.”

వైరు కిందినుంచే పోతుంది, ఆమె కిందే తుడిచింది. రెండూ నిజాలే. సంజీవ్ గొంతు పెంచే రకం కాదు. ప్రింటర్ అయ్యేదాకా ఇంటికాడ ఉండుమని, అయినంక చూద్దామని మెల్లగానే చెప్పాడు. చూద్దామంటే ఏమిటో అక్కడ పనిచేసేవాళ్లకు తెలుసు. భూమవ్వ బకెట్‌లో నీళ్లు పారబోసి, కర్రను మూలన ఆనించి, చెంగుతో చేతులు తుడుచుకుని, మేకుకు తగిలించిన సంచి తీసుకుంది. తలుపు దాటేముందు ప్రణీత వైపు చూసింది. ప్రణీత తెరవైపు చూసింది.

కాసేపటికి సంజీవ్ తలుపులోంచి తల పెట్టి, ఆయా కావాలని ఒక కాగితం కొట్టి అద్దం తలుపుకు అంటించమని ప్రణీతకు చెప్పాడు. ఆమె పెద్ద అక్షరాల్లో కొట్టింది. ‘ఆయా కావలెను. పని తెలిసినవారు లోపల అడగగలరు.’ కొట్టి, ప్రింటర్ పలకడం లేదన్న సంగతి మరిచి ప్రింట్ నొక్కింది. అది కూడా పోయి రిపోర్టుల వెనక వరుసలో నిలబడింది.

ప్రణీతకు బాధ కలగలేదు. కోపం కూడా రాలేదు. పన్ను పీకించుకోవడానికి సూదేసినప్పుడు దవడ ఎట్లా ఉంటుందో, ఆ పూటంతా ఆమె లోపల అట్లాగే ఉంది.

*

ప్రణీతది జగిత్యాల. పొద్దున బస్సెక్కి, తన పక్క సీటులో సంచి పెట్టేది. ఆడవాళ్లకు టికెట్ లేదన్నప్పటి నుంచి బస్సులో సీటు దొరకడమే గగనం. ఎవరైనా అడిగితే మనిషి వస్తుందని చెప్పి మాటలు పడేది. మేడిపల్లిలో భూమవ్వ ఎక్కి, సంచి ఎత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కోరుట్ల దాకా ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేది కూడా ఏమీ ఉండదు. భూమవ్వ మోకాళ్లు రాసుకుంటూ కిటికీలోంచి పసుపు చేన్లు చూసేది. ప్రణీత ఫోన్ చూసేది.

ఆ మరునాడు కూడా ప్రణీత సంచి పక్కనే పెట్టింది. మేడిపల్లిలో బస్సు ఆగింది, జనం ఎక్కారు. ఒకావిడ సంచి వైపు వేలు చూపించి, మనిషేదని అడిగింది. ప్రణీత సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

ల్యాబ్‌లో పని ఆగలేదు, వంకర దారి పట్టింది. రిపోర్టులన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో ప్రింట్ తీయించుకు రావడం ప్రణీత పని అయింది. ఆ షాపాయనకు ప్రతి కాగితం పైకి చదివే అలవాటు. ఫలానా ఆయనకు షుగర్ గింతుందా అని ఆశ్చర్యపోయేవాడు. లామినేషన్‌కు వచ్చినవాళ్లు, ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చినవాళ్లు అంతా విని, తలలూపి, ఫలానా ఆయన మీద జాలిపడేవారు. ఆమె కాగితాలు లాక్కున్నంత పని చేసి మళ్లీ రోడ్డు దాటేది. సంజీవ్ వాటి మీద సంతకం చేసేవాడు.

ప్రింటర్ బాగుచేసే వేణుది కూడా జగిత్యాలే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు ఊళ్లూ అతనొక్కడే తిరుగుతాడు. సిరిసిల్లలో ఉన్నానని, ఇక్కడ తెమిలితే గానీ రాలేనని ఫోన్‌లో చెప్పాడు. అప్పటిదాకా ఇట్లా చేసి చూడండని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. ప్రణీత ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని అతను చెప్పినట్టే చేసింది. ప్రింటర్ ఆపి, వైరు పీకి, మళ్లీ టక్కుమనేదాకా నొక్కింది. కుర్చీ ఎక్కి స్విచ్ డబ్బాలో వైరును వేరే రంధ్రంలోకి మార్చింది. మిగతా రంధ్రాల పక్కన చిన్న పచ్చ దీపాలు టపటపా కొట్టుకుంటున్నాయి. ప్రింటర్ వైరు పెట్టిన చోట మాత్రం వెలగలేదు.

ప్రింటర్ మీది బటన్‌ను నొక్కి పట్టుకోమన్నాడు వేణు. అప్పుడు అది తనంతట తానే ఒక కాగితం బయటికి తోసింది. దాని నంబర్లు, దాని పేరు, అది పుట్టినప్పటి నుంచి ఎన్ని కాగితాలు కొట్టిందీ అన్నీ వరుసగా ఉన్నాయి. అక్షరం చెక్కుచెదరలేదు. నెట్‌వర్క్ అన్నచోట మాత్రం ‘కేబుల్ లేదు’ అని ఉంది. ప్రణీత వంగి వెనక్కి చూసింది. నీలం వైరు దానికే ఉంది. చేత్తో పట్టుకుని లాగి కూడా చూసింది.

“వైరు ఉంది. లేదంటుంది,” అని చెప్పింది ఫోన్‌లో.

“అచ్చి చూస్త మేడం,” అన్నాడు వేణు.

బండలు తుడిచేవాళ్లు లేక ల్యాబ్ అప్పుడే రంగు మారింది. రక్తం తీసే కుర్చీ కింద ఒక చుక్క పడి నల్లగా ఎండింది. సంజీవ్ దాని మీద దినపత్రిక పరిచాడు. భార్య రత్నమాలతో ఫోన్‌లో మాట్లాడుతూ, తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఆయా కోసం అడగమన్నాడు. మేడిపల్లిలో భూమవ్వ ఏం చేస్తోందోనని ప్రణీత ఒకసారి అనుకుంది. బీడీ పని ఇప్పుడు నెలలో సగం రోజులు కూడా దొరకడం లేదని భూమవ్వే చెప్పింది. దొరికినా ఆమెకు దారం కనపడదు, కింద కూర్చుంటే మోకాళ్లు లేవనియ్యవు. నిలబడి చేసే పని దొరికిందనే ఆమె ల్యాబ్‌కు వచ్చింది. ఇదంతా ప్రణీతకు తెలుసు. తెలిసీ, పేషెంటు పేరు అడిగి, వయసు అడిగి, కొట్టుకుంటూ పోయింది.

*

వేణు ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం వచ్చాడు. హెల్మెట్ బల్ల మీద పెట్టి, సంచి విప్పి, ముందు స్విచ్ డబ్బా చూశాడు. దాంట్లో తప్పేమీ లేదు. తర్వాత వైరును పరీక్షించే చిన్న పెట్టెను దాని రెండు కొసల్లో తగిలించాడు. దాని మీద దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోయి, ప్రింటర్ వైపు కొసలో రెండు ఎగ్గొట్టాయి. అతను ఆ కొసను కత్తిరించి పారేసి, లోపలి సన్న తీగలను రంగుల వారీగా పేర్చి, కొత్త ప్లగ్గు పెట్టి, పట్టకారుతో నొక్కాడు. ఈసారి దీపాలన్నీ వెలిగాయి. వైరును ప్రింటర్‌లో పెట్టాడు. ప్రింటర్ ఇంకా కేబుల్ లేదనే అంటోంది.

వేణు ఫోన్ లైటు వేసి, చెంప బల్లకు ఆనించి, వైరు పెట్టే రంధ్రంలోకి ఒక కన్నుతో చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత స్పిరిట్, దూది ఉన్నాయా అని అడిగాడు.

ల్యాబ్‌లో వాటికేం కరువు. ప్రణీత తెచ్చి ఇచ్చింది. అతను సన్నని పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పాడు. బయటికి తీసిన దూది పసుపు పచ్చగా ఉంది. రెండోసారి తీస్తే దాంట్లో ఎరుపు చార కూడా ఉంది. కత్తిరించి పడేసిన ప్లగ్గు తీసుకుని వెలుతురుకు పట్టి చూపించాడు. దాని ఇత్తడి పళ్ల మధ్య కూడా అదే, ఎండి గట్టిపడి ఉంది.

“బొట్టు,” అన్నాడు వేణు, గొంతు తగ్గించి. “దసరా అయినంక ఏటా నాకు ఇదే పని మేడం. నిన్న సిరిసిల్లల గూడ గిట్లనే తీసిన. నీళ్లు నీళ్లుగ కలిపి పెడుతరు, అది లోపలికి దిగుతది.”

తుడుపు తడి వల్ల అయి ఉండదా అని ప్రణీత అడిగింది. తన గొంతు తనకే ఎక్కడినుంచో వినిపించింది.

“కింది తడి బల్ల మీదికి ఎట్ల ఎక్కుతది మేడం?”

ఆమె తన కుడిచేతి వేళ్లు చూసుకుంది. పండుగ పొద్దున రత్నమాల పళ్లెం చేతికిచ్చి, కొత్తగా పెళ్లయిన పిల్లవు నువ్వే పెట్టు అంది. ప్రింటర్ దగ్గరికి వచ్చాక ఎక్కడ పెట్టాలో తోచక ప్రణీత ఆగితే, సంజీవ్ దాన్ని వెనక్కి తిప్పి చూపించాడు. మగ్గానికి మావాళ్లు మోటరు కాడ పెడుతరు, పానం అక్కడనే ఉంటది, దీనికి వైరు కాడ పెట్టు అన్నాడు. ఆమె పెట్టింది. పసుపు పలచగా ఉండి జారింది. కనపడ్తలేదు ఇంకొంచెం పెట్టు అంది రత్నమాల. ఆమె ఇంకొంచెం పెట్టింది.

అప్పుడు భూమవ్వ ఎక్కడుంది? తెల్లవారకముందే వచ్చి ల్యాబ్ మొత్తం కడిగింది ఆమే. హారతి ముట్టించే ముందు రత్నమాల, కొంచెంసేపు అవతల ఉండు భూమవ్వా అని మెల్లగా అంది. భూమవ్వ భర్త పోయి ఏడాది తిరగలేదు. రెండోసారి చెప్పించుకోకుండానే ఆమె వెళ్లి అద్దం తలుపు అవతల, చెప్పుల దగ్గర నిలబడింది. అందులో తప్పుందని ఎవరికీ అనిపించలేదు. ప్రణీతకూ అనిపించలేదు. ఆ పొద్దున ల్యాబ్‌లో ఒక్క మిషన్‌ను కూడా ముట్టని మనిషి ఎవరైనా ఉన్నారంటే ఆమె ఒక్కతే.

రంధ్రం శుభ్రమయ్యాక వేణు వైరు పెట్టాడు. టక్కుమంది. పైన స్విచ్ డబ్బాలో చీకటిగా ఉన్న చోట పచ్చ దీపం వెలిగింది. సంజీవ్ లోపలి గదిలోంచి వచ్చి ఏమైందని అడిగాడు.

“లోపలికి తడి పోయింది సార్. సాఫ్ చేసిన.”

“నేనన్నది గదే,” అన్నాడు సంజీవ్.

వేణు ప్రణీత వైపు ఒకసారి చూసి, పట్టకారు సంచిలో పెట్టుకున్నాడు. పూజ మాట ఎత్తితే మళ్లీ పనికి పిలవరని అతనికి తెలుసు. అతను అబద్ధం చెప్పలేదు, నిజం సగం చెప్పాడు. మిగతా సగం ప్రణీత చెప్పాలి. వేణు ఇచ్చిన పసుపు దూది ఆమె గుప్పిట్లో ఉంది. నోరు తెరిస్తే చాలు. నోరు తెరుచుకోలేదు. భయమా అంటే, అది కూడా సరిగా తెలియలేదు.

ఇంతలో ప్రింటర్ మేలుకుంది. ల్యాబ్ తెరిచిన పొద్దుటి నుంచి వరుసలో నిలబడ్డ రిపోర్టులన్నీ, వాటి మనుషులు ఎప్పుడో వెళ్లిపోయాక, ఇప్పుడు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. వాటి మధ్యలో పెద్ద అక్షరాల కాగితం కూడా వచ్చింది. ఆయా కావలెను.

సంజీవ్ దాన్ని తీసి చూసి, బాగానే కొట్టావని, అద్దానికి అంటించమని చెప్పి, రెండో పనిలో పడ్డాడు. ప్రణీత టేపు చుట్ట చేతిలోకి తీసుకుంది. కొస దొరక్క గోటితో చుట్టూ గీకుతూ కూర్చుంది. కొస దొరికాక దాన్ని మళ్లీ అతికించేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేసింది. దూదినీ, కత్తిరించిన ప్లగ్గునూ మాత్రం సంచిలో వేసుకుంది.

*

సాయంత్రం బస్సు మేడిపల్లిలో ఆగితే ప్రణీత దిగింది.

ఇల్లు అడిగితే చూపించారు. భూమవ్వ వాకిట్లో అరుగు మీద, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని ఉంది. ఒళ్లో చాట ఉంది. చాటలో తంబాకు, తడిపి కత్తిరించిన తునికాకు. చాట పక్కింటివాళ్లదట. ఆకు కూడా వాళ్లదేనట, వాళ్ల పనిలో కొంత పంచారు. ఆకును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చుట్టి, దారం కట్టే దగ్గర చూపు ఆనక, వేలితో తడిమి చూసుకుంటోంది. వచ్చింది ఎవరో పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

“ప్రింటర్ అచ్చిందా బిడ్డ?” అని అడిగింది మొదట.

“అచ్చింది పెద్దమ్మా.”

భూమవ్వ తల ఊపి, జరిగి, అరుగు మీద చోటిచ్చింది. మంచినీళ్లు తాగుతావా అంది. ప్రణీత తాగలేదు. బస్సులో వచ్చినంతసేపూ మాటలు కూర్చుకుంది గానీ ఇప్పుడు వాటిలో ఒకటీ వరుసలో లేదు. వైరు మూతిలో పసుపు పోయిందని, ఆ బొట్టు పెట్టింది తానేనని, తుడుపుది కాదని, వేణు తీసి చూపించాడని ఎట్లాగో చెప్పింది. చెప్పి, సంచిలోంచి దూది తీసి చూపించింది.

భూమవ్వ బీడీ మూతిని గోటితో మడిచి నొక్కింది. దూది వైపు పెద్దగా చూడలేదు.

“ఎరుకే,” అంది.

ప్రణీతకు అర్థం కాలేదు.

“అద్దంల కెల్లి చూసిన. నీ ఏళ్ల కెల్లి పసుపు కారుడు చూసిన. మూతి కాడ పడ్తంది, తుడువుమందామనుకున్న. పూజ నడుస్తాంటె నేను తలుపెట్ల తీస్త బిడ్డ?”

“మరి సార్ అన్ననాడు చెప్పకపోతివి.”

“చెప్తె? మొగడు లేనిది బొట్టుకు వంక పెట్టిందంటరు. ఉన్న మాట చాలదా, గది గూడ నాకెందుకు.”

ఇంకో ఆకు తీసుకుంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. వర్షం పడుతుంటే బట్టలు లోపల వేసుకున్నట్టు చెప్పింది. ప్రణీతకు మొదటిసారి సిగ్గేసింది. ముఖం కాలిపోయేంత సిగ్గు. ఇన్ని రోజులుగా లోపల మొద్దుబారి ఉన్న చోటే అది పుట్టింది. బల్ల కింద నుంచి కర్ర వెనక్కి లాక్కుంటున్నప్పుడే భూమవ్వకు అంతా తెలుసన్నమాట. సంచి తీసుకుని తలుపు దగ్గర తన వైపు చూసినప్పుడూ తెలుసు.

రేపు సార్‌తో చెప్తానని ప్రణీత అంది. భూమవ్వ వద్దనలేదు, చెప్పమనీ అనలేదు. చివరి బస్సు ఎప్పుడో చెప్పి, చీకటి పడుతోందని లేపింది.

*

మరునాడు పేషెంట్లు రాకముందే ప్రణీత లోపలి గదిలోకి వెళ్లింది. సంజీవ్ రక్తం గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

“సార్, ఆ తడి పెద్దమ్మది కాదు. బొట్టుది. నేను పెట్టిన.”

అతను గొట్టం దించలేదు. పసుపుతో ఎక్కడైనా మిషన్ చెడిపోతుందా అన్నాడు. మా నాయన బతికినన్నాళ్లూ మగ్గాలకు పెట్టాడు, ఒక్కటి ఆగలేదు అన్నాడు. ప్రణీత వాదించలేదు. వాదించడం ఆమెకు రాదు. పసుపు దూదినీ, కత్తిరించి పడేసిన ప్లగ్గునూ బల్ల మీద, అతని ముందు పెట్టింది. అతను గొట్టాన్ని స్టాండులో పెట్టి, ప్లగ్గు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. రక్తంలో పురుగును కనిపెట్టే మనిషికి ఇది కనపడకుండా ఉంటుందా. ప్రింటర్‌ను వెనక్కి తిప్పి చూపించిన చెయ్యి తనదేనని అతనికీ గుర్తొచ్చే ఉంటుంది.

“ఇది ఎవ్వలకు చెప్పకు,” అన్నాడు చివరికి. “రత్నమాలకు అసలే చెప్పకు.”

“పెద్దమ్మను రమ్మనాల్నా సార్?”

“రమ్మను.”

ప్రణీత బయటికి వచ్చి సొరుగులోని కాగితాన్ని చింపి చెత్తబుట్టలో వేసి, భూమవ్వకు ఫోన్ చేసి రేపటి నుంచి రమ్మంది. ఆ రోజంతా ఒళ్లు తేలిగ్గా ఉంది. జిరాక్సు షాపాయన రోడ్డు మీద కనిపించి, ఇటు వస్తలేవేంటని అడిగితే నవ్వింది కూడా.

మరుసటి పొద్దున సంచి పక్క సీటులో పెట్టి, అడిగినవాళ్లందరికీ మనిషి వస్తుందని గట్టిగా చెప్పింది. మేడిపల్లిలో భూమవ్వ ఎక్కింది. సంచి ఎత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి చూస్తూ మోకాళ్లు రాసుకుంది. సార్ ఏమన్నాడని ఆమె అడగలేదు. ఆయనే చెప్తాడులే అని ప్రణీతా ఊరుకుంది.

ఆయన చెప్పాడు. అప్పటికి బెంచీలు నిండాయి. భూమవ్వ సంచి మేకుకు తగిలిస్తుంటే సంజీవ్ కౌంటర్ దగ్గరికి వచ్చి, పదిమంది వినేట్టు, చల్లగా అన్నాడు.

“పోనీ తియ్యి భూమవ్వా, ఈసారికి ఇడిసిపెట్టిన. ఇగనన్న తడిబట్ట జాగర్త.”

ఒక ముసలాయన, మోచేయి మడిచి దూది పట్టుకున్నవాడు, ఎంత మంచి సారు అన్నట్టు తల ఊపాడు. భూమవ్వ చెంగు బొడ్లో దోపుకుంటూ సరే సారు అంది. ప్రణీత వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఇదే సమయం, ఇక్కడే, ఇంతమందిలోనే చెప్పాలి అనుకుంది. కౌంటర్ అవతల చంటిదాన్ని ఎత్తుకున్న ఒకావిడ, నా పేరు రాసుకున్నవా అమ్మా అని అడిగింది. ప్రణీత ఆమె పేరు అడిగి, వయసు అడిగి, కొట్టింది. కొట్టేసరికి సంజీవ్ లోపలికి పోయాడు. ముసలాయన ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు.

భూమవ్వ పని మొదలుపెట్టింది. దినపత్రిక తీసి, ఎండిన రక్తం చుక్కను నానబెట్టి గీకింది. ఈసీజీ గది తుడిచింది, బెంచీల కింద అందరి కాళ్లూ ఎత్తించి తుడిచింది, కౌంటర్ చుట్టూ తుడిచింది. ప్రింటర్ బల్ల దగ్గరికి వచ్చి కర్ర ఆపింది. అక్కడినుంచి వెనక్కి లాక్కుని, పక్క నుంచి తిప్పుకుని పోయింది. తడి ఆరాక చూస్తే, ల్యాబ్ అంతా మెరుస్తోంది. బల్ల కిందా, దాని చుట్టూ జానెడు మేరా మాత్రం దుమ్ము అట్లాగే ఉంది. దాంట్లో వేణు కత్తిరించిన సన్న తీగల ముక్కలు కూడా ఉన్నాయి.

ఆ మరునాడు కూడా అంతే. చూడనట్టు ఉందామని ప్రణీత ప్రయత్నం చేసింది. కాగితం అందుకోవడానికి వెనక్కి తిరిగిన ప్రతిసారీ అది కళ్లబడుతూనే ఉంది. తడికీ పొడికీ మధ్య గీత తిన్నగా ఉంది. తలుపు దగ్గర గడప ఉన్నంత తిన్నగా.

“పెద్దమ్మా, గీడ గూడ తుడువు. సార్ ఏమనడు,” అంది ప్రణీత.

భూమవ్వ గుడ్డను బకెట్‌లో ముంచి, పైకి తీసి, రెండు చేతులతో పిండింది. నీళ్లు ధారగా పడటం ఆగేదాకా పిండింది.

“గా జాగ నీది బిడ్డ,” అంది.

కోపంగా అనలేదు. పొడిగుడ్డ ఒకటి మడత పెట్టి బల్ల కోడు పక్కన ఉంచి, బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయింది. వెనక ప్రింటర్ ఎవరిదో రిపోర్టు బయటికి తోసి ఆగింది. బెంచీ మీది జనం కాగితం కోసం చూస్తున్నారు. ప్రణీత కుర్చీ వెనక్కి జరిపి, గుడ్డ తీసుకుని, అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుంది.